పిల్లల ఆటకు ఎంత మైదానం కావాలి?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



అమ్మాయికి సంబంధం కుదిరాక ఇంట్లో మొట్టమొదట వచ్చే తగవు దేనిమీదో మీకు నేను చెప్పనక్కర్లేదు. పెళ్లి ఏ హాల్లో చెయ్యాలి అని! మగపెళ్లివారు ఊళ్లోకల్లా పెద్ద హాలు కావాలంటారు. మన ఇంటాయన అద్దె ఎంతో విని కుర్చీలో కూలబడతారు. మనం మాత్రం వంటచోటు ఎంత ఉంది, నీళ్లు ఆగకుండా వస్తాయా, అత్తగారు ఆ మెట్లెక్కగలరా, ఆడవాళ్లకి బాత్‌రూములు ఎన్ని అని చూసుకుంటూ తిరుగుతాం. వెయ్యిమంది పట్టే హాల్లో రెండువందలమంది కూర్చుంటే పెళ్లి వెలవెలబోతుంది. రెండువందలమంది పట్టేచోటికి వెయ్యిమంది వస్తే పరువు పోతుంది. ఈ రెంటికీ మధ్య ఏదో ఒకటి చూసుకుని బయటపడతాం.

సరిగ్గా ఇదే తగవు అమెరికాలో ఏటేటా జరుగుతుందంటే నమ్ముతారా? అయితే అక్కడ పెళ్లికి కాదు, హైస్కూలు పిల్లల ఫుట్‌బాల్‌కి. ఆఖరి పోటీలు, అంటే రాష్ట్ర విజేత ఎవరో తేల్చే ఆటలు, ఏ స్టేడియంలో పెట్టాలి అన్నదానికి అధికారులు, ఊళ్ల పెద్దలు, కోచ్‌లు, తల్లిదండ్రులు అందరూ తలలు పట్టుకుంటారు. ఆటల విషయంలో నా పరిజ్ఞానం అంతంతమాత్రమే సుమండీ. కాని మా పెద్దమ్మాయి ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ దగ్గర, చిన్నమ్మాయి టెక్సాస్‌లో డల్లాస్ దగ్గర ఉంటారు. ఇద్దరి పిల్లలూ బడి బ్యాండులో వాయించినవాళ్లే. అక్కచెల్లెళ్లిద్దరూ ఫోనులో ఈ స్టేడియం సంగతి మీద వాదించుకుంటూ ఉంటే మధ్యలో నాకు నాలుగు ముక్కలు తెలిశాయి. తెలిసినకొద్దీ ఇది మనకు సంబంధించిన విషయమే అనిపించింది.

ముందు ఒక్కమాట. వాళ్లు ఫుట్‌బాల్ అనేది మనం ఫుట్‌బాల్ అనేది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారు, ఒకరి మీద ఒకరు పడతారు, నెత్తిన ఇనప తొడుగులాంటి టోపీ, భుజాలకి దిండ్లు. మైదానం గోలుగీత నుంచి గోలుగీతకు వంద గజాలు. జట్టుకు పదకొండుమంది. బడిపిల్లలకు పన్నెండేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు ఆట. వినడానికి గంట కూడా లేదు కదా? చూడబోతే ఆగుతూ సాగుతూ రెండున్నర గంటలు దాటిపోతుంది. ఆడేవాళ్లు పద్నాలుగు నుంచి పద్దెనిమిది ఏళ్లలోపు పిల్లలు. ఆగస్టు చివర్లో మొదలైన ఆటలు శుక్రవారం శుక్రవారం సాగుతూ, ఓడినవాళ్లు తప్పుకుంటూ తప్పుకుంటూ డిసెంబరుకి రెండేసి జట్లు మిగులుతాయి. రెండేసి అని ఎందుకన్నానంటే, పెద్ద బడులతో చిన్న బడులు ఆడలేవు కనుక పిల్లల సంఖ్యనుబట్టి బడులను తరగతులుగా విడదీస్తారు. ఒహాయోలో 2013 నుంచీ ఇలాంటి విభాగాలు ఏడు. అంటే ఏడు ఫైనల్స్. మూడు నాలుగు రోజుల్లో అవన్నీ ఒకేచోట ముగించాలి.

మరి ఒక బడివాళ్ల సొంత మైదానంలో ఎందుకు ఆడించకూడదు అని మీకు సందేహం రావచ్చు. మొదటి రౌండ్లు అలాగే ఆడిస్తారు. ఆఖరిదానికి మాత్రం అది పనికిరాదు. ఎవరి వాకిట్లో వాడు పులే కదండీ! అందుకని ఇద్దరికీ పరాయిదైన చోటు చూస్తారు. టెక్సాస్‌లో ఇంకా తమాషా. అక్కడ ఫైనల్ ముందు రౌండ్లలో రెండు బడుల కోచ్‌లూ కూర్చుని ఏ ఊళ్లో ఆడదామో వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు. రెండూళ్లకీ సగం దారిలో ఉన్న మైదానం ఏది, ఏ రోజు, గేటు వసూళ్లు ఎలా పంచుకోవాలి, ఇవన్నీ మన తాంబూలాలనాటి మాటల్లాగే జరుగుతాయి. ఎటూ తెగకపోతే రూపాయిబిళ్ల ఎగరేసినట్టు నాణెం ఎగరేస్తారు. బొమ్మా బొరుసా, అంతే!

ఫైనల్స్‌కి మాత్రం రాష్ట్రమంతటికీ కలిపి ఒక సంఘం ఉంటుంది, చోటు నిర్ణయించేది అదే. ఇప్పుడు ఒహాయో కథ చెబుతాను, వినండి.

ఒహాయోలో ఈశాన్యాన క్యాంటన్, మాసిలన్ అని పక్కపక్కన రెండు చిన్న ఊళ్లున్నాయి. మధ్య దూరం ఎనిమిది మైళ్లు. ఈ రెండూళ్లకీ ఫుట్‌బాల్ అంటే మనకు సంక్రాంతి కోడిపందేల మీద ఉన్నంత పిచ్చి. ఆ రెండు బడుల జట్లూ 1894 నుంచీ తలపడుతూనే ఉన్నాయి. మాసిలన్‌లో మగపిల్లాడు పుడితే ఆస్పత్రిలోనే ఉయ్యాల్లో ఒక బుల్లి ఫుట్‌బాల్ పెడతారట! మన దగ్గర బారసాలనాడు పుస్తకం, కలం ముందు పెట్టినట్టు. ఈ ఆటను డబ్బు తీసుకుని ఆడేవాళ్ల పెద్ద లీగు 1920లో పుట్టింది క్యాంటన్‌లోనే. ఆ ఆటగాళ్ల కీర్తిమందిరం కూడా 1963 నుంచీ అక్కడే ఉంది.

1990 నుంచి 2013 దాకా ఒహాయో హైస్కూలు ఫైనల్స్ ఈ రెండూళ్లలోనే జరిగాయి. కొన్ని ఆటలు క్యాంటన్‌లో, కొన్ని మాసిలన్‌లో. స్టేడియాలు మరీ పెద్దవి కావు. రెంటిలోనూ ఇరవైవేల అటూ ఇటూ పడతారు. జనం వచ్చేవారు, పక్క ఊరివాళ్లు కూడా తమ జట్టు లేకపోయినా వచ్చి కూర్చునేవారు.

ఇరవై నాలుగేళ్ల తరువాత 2014లో ఆటలు రాజధాని కొలంబస్‌కి మారాయి. అక్కడి విశ్వవిద్యాలయం స్టేడియం 1922లో కట్టింది. గుర్రపునాడా ఆకారంలో ఉంటుంది కనుక ఊళ్లోవాళ్లు దాన్ని గుర్రపునాడా అనే పిలుస్తారు. లక్షమందికి పైగా పడతారు! ఒహాయోలో పుట్టిన ప్రతి పిల్లాడూ ఎప్పటికైనా ఆ గడ్డమీద ఒక్కసారి ఆడాలని కలగంటాడు. పైగా కొలంబస్ రాష్ట్రానికి నడిబొడ్డు. నైరుతిమూలన ఉన్న సిన్సినాటివాళ్లకి క్యాంటన్ 230 మైళ్లయితే కొలంబస్ నూరు మైళ్ల పైచిలుకు. హోటళ్లున్నాయి, పెద్ద రోడ్లున్నాయి. కాగితంమీద చూస్తే ఇంతకంటే మంచి చోటు ఇంకేం కావాలి?

2015 డిసెంబరులో నేను అక్కడే ఉన్నాను. మా పెద్ద మనవడి బడి ఫైనల్‌కి చేరింది. వాడు ఆటగాడు కాదు, బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తాడు. అయినా ఇంట్లో వారం రోజులు పండగే. వాడైతే రాత్రి నిద్రపోలేదు. "అమ్మమ్మా, గుర్రపునాడాలో నేను వాయిస్తాను తెలుసా!" అని పదిసార్లు చెప్పాడు. ఆ మొహంలో వెలుగు చూస్తే ఆ స్టేడియం ఎంచుకున్నవాళ్లు నూటికి నూరుపాళ్లు మంచిపని చేశారనే అనిపించింది నాకు.

లోపలికి వెళ్లి కూర్చున్నాక వేరే సంగతి తెలిసింది. ఒక లెక్క వెయ్యండి. బడిపిల్లల ఆటకి పన్నెండువేలమంది వచ్చారనుకోండి. అది తక్కువేం కాదు, మన జిల్లాల్లో మహామహుల సభలకు కూడా అంతమంది రారు. ఆ పన్నెండువేలమందినీ ఇరవైవేలు పట్టేచోట కూర్చోబెడితే స్టేడియం కళకళలాడుతుంది. లక్షమంది పట్టేచోట కూర్చోబెడితే ఎనిమిది కుర్చీలకి ఒక్కరు. అరిస్తే అరుపు మనకే వినపడదు. ఇటువైపు మావాళ్లు ఒక గుప్పెడు, అటువైపు ఎక్కడో వాళ్లవాళ్లు ఒక గుప్పెడు, చుట్టూ పైదాకా ఖాళీ సిమెంటు వరసలు. ఆట మధ్య విరామంలో బ్యాండు మైదానంలోకి దిగింది. మా అమ్మాయి లేచి నుంచుని చెవి ఒగ్గింది. గాలి అటు తిరిగితే ఒక ముక్క, ఇటు తిరిగితే ఇంకో ముక్క వినిపించాయి. అంతే. "ఇంట్లో తలుపేసుకుని వాయించినప్పుడు ఇంతకన్నా బాగా వినపడేదమ్మా" అంది. ఆ మాట వాడితో మాత్రం అనలేదు. మీరైనా అనేవారు కారు.

ఈ ఇబ్బంది అధికారులకు తెలియక కాదు. ఇంత పెద్ద స్టేడియం తీసుకున్నప్పుడు పై వరసలు మూసేసి అందర్నీ కిందనే కూర్చోబెట్టడం, టీవీ కెమెరాకి ఎదురుగా ఉన్నవైపు ముందు నింపడం మామూలే. ఫోటోలో నిండుగా కనిపిస్తుంది. మైదానంలో నుంచున్న పిల్లాడికి మాత్రం తల పైకెత్తితే ఖాళీయే కనిపిస్తుంది.

ఇలా చెబుతుంటే పెద్ద స్టేడియం ఎక్కడా పనికిరాదని అనుకునేరు. అలా కాదు. మా చిన్నమ్మాయి ఉండే టెక్సాస్ సంగతి చూడండి. డల్లాసుకి, ఫోర్ట్‌వర్తుకి మధ్య ఆర్లింగ్టన్ అనే ఊళ్లో 2009లో ఒక మహా స్టేడియం తెరిచారు. ఏటీ అండ్ టీ స్టేడియం అంటారు. కప్పు మూసేసుకోవచ్చు. ఎనభైవేలమంది కూర్చోవచ్చు. మైదానం నడినెత్తిన 160 అడుగుల వెడల్పున టీవీ తెర వేలాడుతుంది. ఖర్చు వందకోట్ల డాలర్లు దాటిందంటే ఇక మీరే ఊహించుకోండి. హైస్కూలు ఫైనల్స్ అక్కడ పెడితే జనం సరిపోతారా అంటారా? 2013లో ఆలెన్, పియర్‌లాండ్ అనే రెండు ఊళ్ల పిల్లలు ఆడిన ఆటకి 54,347 మంది వచ్చారు. అంతకుముందు రికార్డు 1977 నాటిది, అప్పుడే 49,953 మంది. చూశారా, అక్కడ ఈ పిచ్చి ఇవాళ్టిది కాదు. ఆలెన్‌లో బడి స్టేడియమే ఆరుకోట్ల డాలర్లతో 2012లో కట్టారు. పద్దెనిమిదివేల కుర్చీలు! రెండేళ్లు తిరక్కుండానే సిమెంటులో పగుళ్లు కనిపించి 2014లో మూసేసి, బాగుచేసి, మళ్లీ 2015లో తెరిచారు. ఇల్లు కట్టించినవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది.

టెక్సాస్ విషయంలో నాకు నచ్చింది ఆ పెద్ద ఊళ్ల సంగతి కాదు. పశువులు మేపుకునే మెట్టప్రాంతాల్లో చిన్న చిన్న పల్లెలున్నాయి. బడి మొత్తానికి వందమంది పిల్లలుంటే గొప్ప. పదకొండుమంది జట్టు అక్కడ ఎక్కడినుంచి వస్తుంది? అందుకని వాళ్లకోసం ఆరుగురితో ఆడే ఆట ఒకటుంది, మైదానం కూడా ఎనభై గజాలే. ఈమధ్య ఏళ్లలో ఈ ఆరుగురి ఆట ఫైనల్స్ కూడా అదే మహా స్టేడియంలో పెడుతున్నారు. ఊరికి తాళంవేసి జనమంతా బయల్దేరి వస్తారట. అంత తెరమీద ఒక పల్లెటూరి కుర్రాడి మొహం ఇరవై అడుగుల ఎత్తున కనిపిస్తుంటే వాళ్లమ్మకి ఎలా ఉంటుందో! అక్కడ ఖాళీ కుర్చీల లెక్క నేను వెయ్యలేను. మా చిన్నది అక్కతో వాదించేది సరిగ్గా ఇక్కడే. "ఒక్కరోజైనా పిల్లల్ని మహారాజుల్లా చూడాలి కదమ్మా" అంటుంది.

కాదనగలమా? కాని టెక్సాస్‌లో అది కుదరడానికి కారణాలున్నాయి. జనం వస్తారు. కప్పుంది కనుక వానా చలీ భయం లేదు. నాలుగు రోజుల్లో పన్నెండు ఆటలు ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి కనుక అన్నిటికీ కలిపి ఒకే ఏర్పాటు సరిపోతుంది. దూరం మాట తప్పదు. ఎల్ పాసో నుంచి ఆర్లింగ్టన్‌కి ఆరువందల మైళ్ల పైమాటే. అయితే అంత రాష్ట్రంలో ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరికి దూరమే.

కప్పు మాట వచ్చింది కనుక మిషిగన్ ఊసు కూడా చెప్పి ముందుకు వెళతాను. అక్కడ 2005 నుంచీ డెట్రాయిట్‌లో ఫోర్డ్ ఫీల్డ్ అనే కప్పున్న స్టేడియంలో ఆడిస్తున్నారు. నవంబరు చివర్లో అక్కడ మంచు పడుతుంది, అందుచేత లోపల ఆడించడం తెలివే. ఒక చిక్కేమిటంటే అది డెట్రాయిట్ లయన్స్ అనే పెద్ద జట్టు సొంత ఇల్లు. వాళ్లు థాంక్స్‌గివింగ్ పండగ గురువారం ఆట ఆడటం 1934 నుంచీ ఆనవాయితీ. ఆ పెద్దవాళ్ల ఆట అయ్యాక, ఎంగిలాకులు ఎత్తి మళ్లీ పంక్తి వేసినట్టు, అంతా శుభ్రంచేసి అదే వారాంతంలో పిల్లలకి ఇస్తారు.

శుభ్రం చెయ్యడం అంటే ఊడవడం ఒక్కటే కాదండోయ్. మైదానం మీద గీతలుంటాయి చూడండి, అవి పెద్దవాళ్లకి వేరు, బడిపిల్లలకి వేరు. మధ్యలో ఉండే చిన్నగీతల వరసలు పెద్దవాళ్ల ఆటలో దగ్గరగా, చాలా రాష్ట్రాల్లో బడిపిల్లల ఆటలో దూరంగా ఉంటాయి. గోలుస్తంభాల మధ్య వెడల్పు పెద్దవాళ్లకి 18 అడుగుల 6 అంగుళాలైతే హైస్కూలు నియమం ప్రకారం 23 అడుగుల 4 అంగుళాలు. పాతగీతలు చెరిపి కొత్తవి వెయ్యాలంటే మన ముగ్గు చెరిపి ముగ్గు వేసినంత తేలిక కాదు. ఒక ఉదాహరణ చెబుతాను, నవ్వకండి. 2016 ఆగస్టులో క్యాంటన్‌లోనే రెండు పేరున్న పెద్ద జట్లు ఆడవలసిన ఆట ఒకటి చివరి నిమిషంలో ఆగిపోయింది. ఎందుకంటారా? మైదానం నడుమ వేసిన బొమ్మ రంగు సరిగా ఆరలేదు! జిగటగా, అక్కడక్కడా గట్టిపడి, కాలు జారేట్టు ఉందని ఆటగాళ్లను దింపలేదు. జనం అప్పటికే వచ్చి కూర్చున్నారు. సంక్రాంతి ముందురోజు వాన పడి ముగ్గంతా కలిసిపోతే మనకెలా ఉంటుందో ఆ రంగులేసినవాళ్లకి అలా ఉండి ఉంటుంది.

నేల కూడా చూడాలి. నిజమైన పచ్చిక మీద మూడు నాలుగు రోజుల్లో ఏడు ఆటలాడితే మూడో ఆటకే బురద. ఆఖరి ఆట ఆడే పిల్లలు చేసుకున్న పాపమేమిటి? అందుకనే ఇన్ని ఆటలు పెట్టేచోట ఎక్కువగా కృత్రిమ పచ్చిక ఉన్నది చూస్తారు. బట్టలు మార్చుకునే గదులు రెండు చాలవు, నాలుగు కావాలి. ఒక ఆటలో ఓడినవాళ్లు ఏడుస్తూ లోపలికొచ్చే వేళకి తరువాతి ఆటవాళ్లు తయారవుతూ ఉంటారు. ఆ రెండు జట్లనీ ఒకే గదిలో పెట్టలేం కదా. అంబులెన్సు లోపలికి వచ్చే దారి, బ్యాండు బస్సులు, వాయిద్యాల లారీలు నిలిపే జాగా, చక్రాల కుర్చీలో వచ్చే తాతలకు చోటు, ఇంకా టీవీవాళ్ల తీగలు. వీటిలో ఏది లేకపోయినా ఆ స్టేడియం జాబితాలోంచి పోతుంది.

ఇక మన సంగతి. ఆడవాళ్ల బాత్‌రూముల మాట నేను ముందే ఎత్తానా, సరదాకి కాదు. పాత స్టేడియాలు మగవాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. విరామం అరగంటలోపే. బయట వరసలో నుంచుంటే అది కాస్తా అక్కడే అయిపోతుంది, కొడుకు బ్యాండు వాయించడం చూడనేలేం. 1990లో హ్యూస్టన్‌లో ఒక పాటకచేరీలో ఇలాగే ఆడవాళ్ల వరస తెమలక, ఒకామె మగవాళ్లవైపు వెళ్లింది. పోలీసులు పట్టుకుని కేసు పెట్టారు! జ్యూరీవారు ఆమె తప్పేం లేదని వదిలేశారు. తరువాత చాలా రాష్ట్రాల్లో జనం చేరేచోట్ల ఆడవాళ్లకు ఎక్కువ వసతి ఉండాలని చట్టాలు వచ్చాయి. కొత్తగా కట్టిన స్టేడియాల్లో ఈ బాధ చాలావరకు తగ్గింది. అంచేత కొత్తది, పాతది అని చూసేటప్పుడు ఇది కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంకొకటి సంచి. పెద్ద జట్ల స్టేడియాల్లో 2013 నుంచీ లోపలున్నది బయటికి కనిపించే సంచి తప్ప మామూలు చేతిసంచి రానివ్వరు. భద్రతకోసం పెట్టారు, తప్పు పట్టను. కాని పిల్లల ఆటకి వెళుతూ పులిహోర డబ్బా పట్టుకెళ్లే అలవాటున్నవాళ్లం! టెక్సాస్‌లో ఒకచోట గేటు దగ్గర నా సంచి చూసి ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కారుదాకా నడిచి పెట్టి వచ్చాం. అక్కడ కారు నిలపడానికి డబ్బు వేరే, లోపల తిండికి డబ్బు వేరే. ఒక కుటుంబంలో నలుగురు వెళ్లారంటే టిక్కెట్ల కన్నా పైఖర్చులే ఎక్కువవుతాయి. బడి మైదానంలో అయితే తల్లులే కలిసి తినుబండారాల కొట్టు పెడతారు, దాని లాభం బ్యాండు పిల్లల దుస్తులకో ప్రయాణానికో పోతుంది. పెద్ద స్టేడియంలో ఆ వ్యాపారం స్టేడియంవాళ్లదే.

డబ్బు విషయం పైవాళ్లకీ ఉంది. స్టేడియం దీపాలు వెయ్యాలి, పోలీసులుండాలి, కుర్చీలు తుడవాలి. లక్ష కుర్చీల ఇంటిని పన్నెండువేలమందికోసం తెరిచినా ఖర్చు పన్నెండువేలమందిదే కాదు. అందుకని ఊళ్లు పోటీపడి ముందుకొస్తాయి. మా ఊరికి ఇవ్వండి, మా హోటళ్లు నిండుతాయి, మేం ఫలానా ఖర్చు భరిస్తాం అని. చిన్న ఊరికి ఆ నాలుగు రోజులూ ఏడాదిలో పెద్ద తిరునాళ్లు. కొలంబస్ లాంటి మహానగరానికి అది ఇంకొక శనివారం.

ఒహాయో కథకి మళ్లీ వస్తాను. కొలంబస్‌లో 2014, 2015, 2016, మూడేళ్లు ఆడారు. ఆ రోజుల్లో క్యాంటన్‌లో 1938 నాటి పాత స్టేడియాన్ని పడగొట్టి కొత్తగా కడుతున్నారు. 2017లో ఆటలు మళ్లీ క్యాంటన్‌కి వచ్చాయి. కీర్తిమందిరం పక్కనే, టామ్ బెన్సన్ పేరుతో, ఇరవైవేల పైచిలుకు పట్టే స్టేడియం. రాజధానినుంచి 125 మైళ్లు. సిన్సినాటివాళ్లు మళ్లీ మూతి ముడిచారు. ముడవరూ మరి? తెల్లవారుజామునే బయల్దేరాలి, చలి, ఒక్కోసారి మంచు. వాళ్లకి ఇంకో అభ్యంతరం కూడా ఉండవచ్చు. అది పరాయి చోటు అని పేరే కాని మాసిలన్‌వాళ్లకి ఎనిమిది మైళ్లే. 2023లో మాసిలన్ జట్టు ఫైనల్‌కి వచ్చి అక్కడే ఆడింది. 1972లో ఈ పద్ధతి పోటీలు మొదలైనప్పటినుంచీ వాళ్లు ఒక్కసారీ గెలవలేదు. ఫైనల్‌దాకా రావడం, ఓడిపోవడం, అదే తంతు. ఆరోజు ఏడుకి రెండు పాయింట్లతో గెలిచారు. సొంతవాళ్ల కేకల బలం కొంత లేదని నేనైతే అనను. అయినా యాభై ఏళ్లు ఎదురుచూసిన ఊరు పక్కవీధిలాంటి చోట గెలవడం చూస్తే అన్యాయం అనడానికి నాకు నోరు రాలేదు. నియమం ప్రకారం మాట్లాడమంటే మాత్రం, ఆ ఏడాది అది సరైన చోటు కాదనే చెప్పాలి.

మా పెద్దమ్మాయి రెండోవాడు అన్న వెళ్లిన దారినే బ్యాండులో చేరాడు. వాడిది డప్పు. 2022లో వాళ్ల బడి మళ్లీ ఫైనల్‌కి వచ్చింది, ఈసారి క్యాంటన్‌లో. నేను ఇక్కడే ఉన్నాను. ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసింది. గొంతు పూర్తిగా పోయింది, మాట బొంగురుగా వస్తోంది. "అరిచాను కదమ్మా" అంది. మూడు దుప్పట్లు కప్పుకున్నా కాళ్లు గడ్డకట్టాయిట. రానూ పోనూ నాలుగున్నర గంటల ప్రయాణం. స్టేడియం దాదాపు నిండిందిట. విరామంలో బ్యాండు మొదలుపెట్టగానే ఆ డప్పుల మోత కూర్చున్న బెంచీలోంచి ఒంట్లోకి పాకిందిట. "మనవాడి డప్పు విడిగా పోల్చుకున్నావా?" అని అడిగాను. "పోల్చుకున్నానమ్మా, ఒకచోట తప్పాడు కూడా" అంది.

ఆట మాత్రం ఓడిపోయారు. పిల్లలు బస్సులో ఏడ్చుకుంటూ వచ్చారట. ఇంటికొచ్చాక రెండోవాడు కాస్త తేరుకుని, స్టేడియం ఎలా హోరెత్తిందో అన్నకి వర్ణించి వర్ణించి చెప్పాడట. పెద్దాడు అంతా విని, "అయినా నేను వాయించింది గుర్రపునాడాలోరా" అన్నాడట.